వదులొదిన పట్టిన తాడు

మా అమ్మమ్మ ఒకసారి మా తాతయ్యని రాతిగోడ మీద నుంచి కింద పడేసింది. ఆ తరవాత ఏడాది తిరక్కుండా ఆయన్నే పెళ్ళి చేసుకుంది. లోకంలో చాలామంది ముందు పెళ్ళి చేసుకుని తరవాత పడేస్తారు. మా ఇంట్లో వరస తిరగబడింది, అంతే తేడా.

ఇది నేను పుట్టకముందు సంగతి కాబట్టి ఎంత ఎత్తు నుంచి పడేసిందో ఒట్టేసి చెప్పలేను. తాతయ్య లెక్క ఇరవై అడుగులు. కొత్తవాళ్ళెవరైనా వింటుంటే ముప్ఫై. అమ్మమ్మ లెక్క కుట్టుమిషన్ ముందు వేసుకునే స్టూలంత. "ఆ ఎత్తు నుంచి పిల్లి దూకితే వెనక్కి తిరిగి కూడా చూడదు" అంటుంది. వాళ్ళ కొండలెక్కే క్లబ్బు నోటుపుస్తకంలో మాత్రం కార్యదర్శి అయిన లెక్కల టీచరు గుండ్రటి అక్షరాలతో ఇలా రాసిపెట్టింది: "తాడు జారినది. పడిన ఎత్తు ఏడు అడుగులు. దెబ్బలు లేవు. బురద ఉంది." ఆ ఏడడుగుల మీద నలభై రెండేళ్ళుగా జోకులు పేలుతూనే ఉన్నాయి. పెళ్ళి ఆ రోజే అయిపోయిందనీ, రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళింది ఉత్త సంతకాల కోసమేననీ అంటారు.

అమ్మమ్మది జిప్పుల షాపు. బోర్డు మీద "సంచులు, గొడుగులు, గుడారాలు బాగుచేయబడును" అని ఉంటుంది కానీ, వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది జిప్పు పాడైనవాళ్ళే. రైలు పెట్టెలాంటి పొడుగాటి గది. ముందు కౌంటరు, వెనక రెండు మిషన్లు, గోడ పొడుగునా సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో సైజు జిప్పు తలకాయలు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడికి దణ్ణం పెట్టి వచ్చి రెండో మిషన్ ముందు కూర్చున్నాను. మా అమ్మ ఏడ్చింది. అమ్మమ్మ ఏడవలేదు. "సీసాల మీద నంబర్లు చదవడం వచ్చుగా, చాల్లే" అంది. తరవాత మూడు నెలలు నాచేత పాత కుట్లు విప్పించిందే తప్ప ఒక్క కొత్త కుట్టు వేయనివ్వలేదు. బడిలో అయినా అప్పుడప్పుడూ సెలవలు ఇచ్చేవాళ్ళు.

కుట్టు విషయంలో ఆవిడకి ఎంత పౌరుషమంటే, ఆవిడ కుట్టింది ఊడిందని ఎవరైనా అంటే అన్నం సహించదు. ఆ పౌరుషమే ఆవిడ్ని కొండలెక్కించింది.

మా ఊళ్ళో ఆదివారం క్లబ్బని ఒకటుంది. వారమంతా ఎక్కడో ఒకచోట పని చేసుకుని, ఆదివారం పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఊరవతలి బీడు మీదికి పోయి, మైళ్ళకి మైళ్ళు నడిచి, రాతిగోడలెక్కి, ఒళ్ళు హూనం చేసుకుని, ఎవరో బహుమతి ఇచ్చినట్టు నవ్వుకుంటూ తిరిగొచ్చే మనుషుల గుంపు. అమ్మమ్మకి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఆ క్లబ్బు వాళ్ళ గుడారం ఒకటి చిరిగింది. దాన్ని షాపుకి మోసుకొచ్చింది ఒక పోస్టుమాన్. పొడుగ్గా, సన్నగా, దోటీకి చొక్కా తొడిగినట్టు ఉండేవాడట. అమ్మమ్మ రెండు రోజులు కూర్చుని కుట్టి ఇచ్చింది. ఆయన మడత పెట్టుకుంటూ, "వానకి కారదు కదండీ?" అన్నాడు.

ఆ ఒక్క మాట అనకుండా ఉండుంటే నేను పుట్టేదాన్ని కాదు.

"కారితే?" అంది అమ్మమ్మ.

"కారితే మళ్ళీ తీసుకొస్తాను."

"మీరు తేవడం దేనికి? నేనే వచ్చి చూస్తాను. మీ బీడు మీద వాన ఎప్పుడు పడుతుంది?"

"ఎప్పుడు పడదో అడగండి, చెప్పడం తేలిక" అన్నాడు పోస్టుమాన్.

ఆ వచ్చిన ఆదివారమే అమ్మమ్మ బస్సెక్కింది. బీడు మీద వాన దంచి కొట్టింది. గుడారంలో గంటసేపు ఒక్కతే కూర్చుని, ప్రతి కుట్టు వెంట వేలు పోనిచ్చి చూసుకుంది. ఒక్క బొట్టు కారలేదు. వాన వెలిశాక తల పైకెత్తి బయటికొచ్చేసరికి ఎదురుగా తడిసి మెరుస్తున్న రాతిగోడ, దాని మీద తాళ్ళు కట్టుకుని బల్లుల్లా పాకుతున్న మనుషులు. కుట్టు నిలిచిన సంతోషంలో ఉంది కదా, "నేనూ ఏదో ఒకటి చేస్తా" అంది. పోస్టుమాన్ తన తాడు కొస తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

అది ఎలాగంటే, తాడు కింద నుంచి పైకి పోయి, గోడ నెత్తిన కొక్కెంలోంచి తిరిగి కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కేవాళ్ళ నడుముకి. రెండో కొస కింద నిలబడ్డవాళ్ళ దగ్గర. ఎక్కేవాళ్ళు జారినా కిందవాళ్ళు పట్టుకునుంటే గాల్లో వేలాడతారే తప్ప పడరు. గాలికి మాటలు కొట్టుకుపోతాయి కాబట్టి తాడు మీద పొడి మాటలే. తాడు బిగించాలంటే "బిగువు". కాస్త సడలించాలంటే "వదులు". అప్పట్లో అమ్మమ్మ చొక్కాలూ ప్యాంట్లూ కూడా సరిచేసేది. అందుకని పోస్టుమాన్ నవ్వుతూ, "రోజంతా మీరు వినే మాటలేగా, మీకు నేను చెప్పాలా?" అన్నాడట. చెప్పుండాల్సింది.

పైకెక్కాడు. తాడు కాస్త బిగుసుకుంది. "వదులు!" అని అరిచాడు.

అమ్మమ్మ వదిలేసింది.

రెండు చేతులూ. చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి ఆవిడ.

గోడ కింద చిత్తడి నేల. పోస్టుమాన్ వెల్లకిలా వచ్చి పడి, సగం మునిగి, ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు. అందరూ పరిగెత్తుకొచ్చారు. అమ్మమ్మ ఎత్తిన చేతులు దించకుండా అలాగే నిలబడి ఉంది.

"వదలమన్నారుగా!" అంది.

"వదులు అన్నానండీ, వదిలెయ్యమనలేదు!" అన్నాడు బురదలోంచి.

"చొక్కా వదులంటే రెండంగుళాలు. మనిషి వదులంటే ఎంతో నాకేం తెలుసు?"

ఈ మాటకి బురదలో ఉన్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడట. నవ్వినకొద్దీ ఇంకాస్త మునిగాడట. చివరికి నలుగురు లాగి బయట పడేశారు. ఒక బూటు లోపలే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉందని మా నమ్మకం.

అప్పుడే ఉద్యోగంలో చేరిన లెక్కల టీచరు క్లబ్బుకి కార్యదర్శి. సాయంత్రానికల్లా నోటుపుస్తకంలో రెండు కొత్త రూల్సు ఎక్కాయి. ఒకటి, ఇకమీదట తాడు మీద "వదులు" అనే మాట వాడరాదు, "తాడివ్వు" అనవలెను. రెండు, తాడు పట్టదగినవారి జాబితాలో జిప్పుల షాపు ఆవిడ పేరు చేర్చరాదు. పుస్తకంలో రాయనిది మూడోది ఒకటుంది. పెళ్ళయ్యాక తాతయ్య క్లబ్బందరికీ బురదన్నయ్య అయిపోయాడు. అమ్మమ్మ వదులొదిన అయిపోయింది. టీచరమ్మ కూడా అలాగే పిలుస్తుంది, ముఖం ఏమాత్రం కదలకుండా.

తాడు పట్టనివ్వని మనిషికి ఏ పని ఇవ్వాలా అని ఆలోచించి తోక పని ఇచ్చారు. తోకంటే అందరికన్నా చివర నడిచే మనిషి. ముందు టీచరమ్మ దిక్కులు చూసుకుంటూ పోతుంది, మధ్యలో గుంపు, చివర మెళ్ళో ఈలతో అమ్మమ్మ. ఎవరూ వెనకబడకుండా, దారి తప్పకుండా చూడటం ఆవిడ పని. బీడు మీద చెట్టనేది లేదు. మోకాలెత్తు గడ్డి, పొట్టి ముళ్ళపొదలు, మధ్యమధ్య నల్లటి నీటి మడుగులు. గాలి ఎప్పుడూ ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఆ గాలిలో టోపీలూ చేతి తొడుగులూ రాలిపోతుంటే వెనకే ఏరుకుంటూ వస్తుంది. ఒకసారి తాతయ్య పళ్ళ సెట్టు కూడా దొరికింది. గట్టిగా తుమ్మాడు, అది గడ్డిలోకి పోయింది, ఆయన మైలు దూరం పోయాక చూసుకున్నాడు.

"ఆగు నాయనా, నీ సంచి నోరు తెరిచింది" అంటూ నడిచే మనిషిని నడుస్తుండగానే ఆపి జిప్పు సరిచేసేస్తుంది. మధ్యాహ్నం ఏ బండ చాటునో కూర్చుని రొట్టే, ఉడకబెట్టిన గుడ్లూ, ఫ్లాస్కులో టీ. ఆవిడ పక్కన చోటు కోసం పెద్ద పెద్దవాళ్ళు పోట్లాడుకుంటారు. తోక పక్కన కూర్చుంటే ముందుపోయినవాళ్ళ కబుర్లన్నీ దొరుకుతాయి మరి. నేను కూడా ఐదేళ్ళప్పటి నుంచి ఆ తోకకి తోకనే. అంత సంతోషంగా ఉండే మనిషిని చూసి, ఆవిడ లోపల ఒక ముల్లుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మొన్నటి చలికాలం చివర్లో తాతయ్య డాక్టరు దగ్గర నుంచి సరాసరి షాపుకొచ్చి, కస్టమర్ల స్టూలు మీద కూలబడ్డాడు. ముప్ఫై ఐదేళ్ళు ఊరి మెట్లన్నీ ఎక్కి దిగి ఉత్తరాలు పంచిన మోకాళ్ళు ఇక మా వల్ల కాదన్నాయి. వచ్చే నెల ఆపరేషను.

"తరవాత నడవొచ్చట. ఎక్కడం మాత్రం మానుకోవాలట" అన్నాడు టీ ఊదుకుంటూ. "పోనీలే. ఈలోగా ఒక్కసారి బోడిగుండు ఎక్కేస్తా. ఈ నెల చివరి ఆదివారం. టీచరమ్మ తాడు పడతానంది."

బోడిగుండంటే ఆయన అప్పట్లో పడ్డ గోడే. నలభై అడుగులుంటుంది. నెత్తిన ఒక్క గడ్డిపోచ మొలవదు.

అమ్మమ్మ మిషన్ ఆగింది. కుట్టు మధ్యలో ఆవిడ మిషన్ ఆగడం నేను రెండేసార్లు చూశాను. ఒకసారి కరెంటు పోయినప్పుడు. ఇది రెండోది.

"తాడు నేను పడతాను" అంది.

తాతయ్యకి టీ పొలమారింది. "నువ్వా?"

"నేనే."

"ఎందుకోయ్ ఇప్పుడు? అంతా బాగానే ఉందిగా."

"ఎవరికి బాగుంది? నలభై రెండేళ్ళుగా ఇంటి తాళాలు నా చేతిలో పెడతారు. పళ్ళ సెట్టు నా చేతిలో పెడతారు. తలకి రంగు వెయ్యమని కళ్ళు మూసుకుని నా ముందు కూర్చుంటారు. తాడు మాత్రం ఇవ్వరు."

"అది క్లబ్బు రూలు కదా."

"అది టీచరమ్మ రూలు. మీ రూలేంటి?"

తాతయ్య గ్లాసులోకి తొంగి చూశాడు, జవాబు అడుగున ఉందేమోనని. "చూద్దాం" అన్నాడు చివరికి. మా ఇంట్లో చూద్దామంటే కాదనడమే, కాకపోతే ఇస్త్రీ చేసి ఇవ్వడం.

ఆయన వెళ్ళాక అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా అంది: "ఒసేయ్ కోతీ, నా చేతిలో ఇంతవరకు ఏ కుట్టూ ఊడలేదు. ఊడింది ఆయనొక్కడే. ఈ నెల దాటితే ఇక సరిచేసే వీలుండదు."

దారం మొదటిసారే ఎక్కింది. నాకే కళ్ళు సరిగ్గా కనపడలేదు.

మర్నాటి నుంచి తాతయ్య పాల కోసం బయటికెళ్ళే అరగంటలో మా మెట్ల దగ్గర సాధన మొదలైంది. మాది మూడో అంతస్తు. మెట్ల మధ్యలో బావిలా ఖాళీ ఉంటుంది. పైన ఇనప గొట్టానికి కొక్కెం తగిలించి, తాడు దూర్చి, ఒక కొసకి గోనెసంచి నిండా బంగాళాదుంపలు కట్టాం. రెండో కొస కింద అమ్మమ్మ దగ్గర. ఇప్పుడు నడుముకి చుట్టుకునే పాతకాలం పద్ధతి లేదు. నడుము పట్టీకి ఒక బిళ్ళ తగిలిస్తారు, తాడు దాంట్లోంచి పోతుంది. పై చెయ్యి ఏం చేసినా సరే, కింది చెయ్యి మాత్రం తాడు విడవకూడదు. నేను పైన నిలబడి ఎక్కేవాడి తరఫున అరిచేదాన్ని. సంచికి ఏదో లోటుగా అనిపించి, తాతయ్య పాత పోస్టుమాన్ టోపీ తెచ్చి పెట్టాను. అప్పట్నుంచి దాని పేరు తాతయ్య.

మొదటి వారం తాతయ్య మూడుసార్లు పడ్డాడు. రెండుసార్లు బకెట్ల మీద, ఒకసారి కింది వాటా ఆవిడ ఆరేసుకున్న దుప్పట్ల మీద. చితికిన దుంపలు పారెయ్యడం ఎందుకని వారమంతా ఇంట్లో వాటి కూరే. తాతయ్య చేత తాతయ్యనే తినిపించామన్నమాట. బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు కూడా.

కింది వాటా ఆవిడ ఒక పొద్దున తలుపు తెరిచేసరికి ఎదురుగా టోపీ పెట్టుకున్న సంచి గాల్లో ఊగుతోంది.

"ఏంటి పిన్నిగారూ ఇది?"

"మీ బాబాయిగారిని దింపుతున్నానమ్మా. కాస్త పక్కకి జరుగు."

"ఎవర్ని?"

అప్పుడే వీధి తలుపు తోసుకుని, పాల ప్యాకెట్లతో అసలు బాబాయిగారు వచ్చేశాడు. సంచిని చూశాడు. అమ్మమ్మని చూశాడు. చాలాసేపు టోపీని చూశాడు.

"అది నా టోపీ కదూ?"

నేను పైన గొట్టం వెనక దాక్కున్నాను.

"ఎన్నిసార్లు పడేశావ్?" అన్నాడు.

"మూడు. అన్నీ మొదటి వారంలోనే. ఈ పది రోజుల్లో ఒక్కసారి కూడా లేదు."

తాతయ్య సంచి చుట్టూ ఒకసారి తిరిగి, "నాకింత పొట్ట లేదు" అని పైకెళ్ళిపోయాడు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ పూట పాలు పొంగి పొయ్యి మీద పడ్డా ఆయనకి తెలియలేదు.

తరవాత టీచరమ్మ పరీక్ష. క్లబ్బు గది సైకిల్ షాపు మీద ఉంటుంది. గోడలనిండా పటాలు, మేకులకి తాళ్ళ చుట్టలు, గది మొత్తం తడి బూట్ల వాసన. టీచరమ్మ తానే తాడుకి వేలాడి పరీక్ష పెట్టింది. చెప్పకుండా జారింది. అమ్మమ్మ పట్టింది. కబుర్లు చెప్తూ చెప్తూ జారింది. పట్టింది. "వదినా, మీ షాపు తగలబడుతోంది!" అని అరిచి మరీ జారింది.

"తగలబడనీ, ముందు మీరు దిగండి" అంది అమ్మమ్మ.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, నలభై రెండేళ్ళ కిందటి పుస్తకంలోంచి పాత పేజీ తీసి, ఆ రెండో రూలు మీద కొట్టివేత గీత గీసింది. స్కేలు పెట్టి మరీ. "నా వైపు నుంచి అభ్యంతరం లేదు వదినా. కానీ తొమ్మిదో రూలు మీకు తెలుసుగా. తన తాడు ఎవరు పట్టాలో ఎక్కేవాళ్ళే చెప్పాలి. మీ ఆయన నోటితో మీ ఆయన చెప్పాలి."

తాతయ్య చెప్పలేదు. చివరి ఆదివారం వచ్చేసింది, బస్సెక్కాం, బీడు దాటాం, ఆయన చెప్పలేదు. ఆ రోజు ఎండ ఎంత బాగుందంటే మడుగులు కూడా నల్లగా కాక నీలంగా ఉన్నాయి. గుంపంతా పాటలు పాడుకుంటూ పోతోంది. తాతయ్య కుంటుతూ కుంటుతూ వెనకబడి తోక దాకా వచ్చేశాడు. ఆయనా, అమ్మమ్మా, నేనూ ముగ్గురం పక్కపక్కన నడిచాం. మైలున్నర దూరం ఇద్దరూ మాట్లాడుకున్నది ఒక్కటే మాట. "గుడ్డుకి ఉప్పు తెచ్చావా?" "తెచ్చాను."

బోడిగుండు కింద తాళ్ళు సిద్ధంగా ఉన్నాయి. తాతయ్య నడుము పట్టీ బిగించుకుని ముడి వెయ్యడం మొదలుపెట్టాడు. వేసి విప్పాడు. మళ్ళీ వేసి విప్పాడు. చుట్టూ పాతిక మంది బూట్ల లేసులు సరిచేసుకుంటున్నట్టు నటిస్తున్నారు.

"అన్నయ్యా, తాడు ఎవరు పడతారు?" అంది టీచరమ్మ, పుస్తకం తెరిచి.

తాతయ్య ముడి వైపే చూస్తూ అన్నాడు: "నేను కింద పడతానని కాదమ్మా నా భయం. ఆ రోజు నేను బురదలో పడి నవ్వుతున్నాను. ఈవిడ చేతులెత్తి నిలబడి ఉంది. మాటలకేం, గట్టిగానే మాట్లాడింది. మొహం మాత్రం సున్నం కొట్టినట్టయిపోయింది. ఇప్పటికీ నాకు గుర్తే. ఆ మొహం ఇంకోసారి చూడాలంటే నా వల్ల కాదు. అందుకే ఇన్నాళ్ళూ ఇవ్వలేదు."

ఎవరో ముక్కు చీదారు. నేనే. గాలికి జలుబు చేసింది.

అమ్మమ్మ మెళ్ళోంచి ఈల తీసి నా చేతికిచ్చింది. వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"నా మొహం సంగతి నేను చూసుకుంటాను. మీరు ముందు ఆ ముడి సరిగ్గా వేసుకోండి. అది ముడా, జిలేబీయా?"

తాతయ్య నవ్వేశాడు. టీచరమ్మ వైపు తిరిగి, "రాసుకోమ్మా. మా ఆవిడ" అన్నాడు.

అమ్మమ్మ తాడు బిళ్ళలో దూర్చుకుంది. కింది చెయ్యి బిగించింది. తాతయ్య ఎక్కడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు మొరాయించినా వేళ్ళకి ఆ గోడ మీద ప్రతి గుంతా తెలుసు. పెద్ద పెద్ద భవనాల మెట్లెక్కి ఉత్తరం ఇచ్చినంత తీరిగ్గా పోతున్నాడు. సగం దాకా పోయాక తప్పు చీలికలో కాలు పెట్టబోయాడు. అమ్మమ్మకి కింద నుంచి కనపడింది.

"ఏమండీ!" అని కేక పెట్టింది.

పక్క తాళ్ళ మీద ఉన్న మొగుళ్ళందరూ కిందికి చూశారు. ఒకాయనైతే గోడని కావలించుకుని, "ఏంటే?" అని కూడా అన్నాడు. వాళ్ళావిడ ఆ రోజు రానేలేదు.

"మిమ్మల్ని కాదు, మా ఆయన్ని!" అంది అమ్మమ్మ. "ఏమండీ, ఎడమకాలు ఇంకాస్త పైకి!"

తాతయ్య ఎడమకాలు పైకి పెట్టాడు. ఇంకో పదడుగులు. అక్కడ గోడ పొట్టలా ముందుకొస్తుంది. దాన్ని దాటాలంటే పక్కకి జరగాలి. పక్కకి జరగాలంటే తాడు కాస్త సడలాలి. ఆయాసంలో ఉన్నాడు. నలభై రెండేళ్ళుగా వాడుతున్న కొత్త మాట గుర్తు రాలేదు. పాతదే వచ్చింది.

"వదులు!" అని అరిచాడు.

గోడ మీద ఉన్నవాళ్ళు అక్కడే ఆగిపోయారు. టీచరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. పైన తాతయ్యకి కూడా తానేం కూశాడో అప్పుడే తెలిసింది. అలా బల్లిలా అతుక్కుపోయి, కిందికి చూడాలంటే భయపడి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

నేను చూసింది ఆయన్ని కాదు. అమ్మమ్మ కింది చేతిని. అది కదల్లేదు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి, అంతే. ఆవిడ తల వెనక్కి వాల్చి, షాపులో కౌంటరు మీద నుంచి కస్టమర్ని అడిగినట్టు అడిగింది:

"ఎన్ని అంగుళాలు?"

పై నుంచి తాతయ్య నవ్వు మొదలైంది. గోడకి నుదురు ఆనించి, భుజాలు ఎగిరెగిరి పడేట్టు నవ్వాడు. కింద పాతిక మందీ పడీ పడీ నవ్వారు. టీచరమ్మ నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి, పళ్ళు చాలా బాగుంటాయి.

"ఆరు!" అన్నాడు తాతయ్య.

"ఆరంటే ఆరే ఇస్తాను. నవ్వుతూ జరక్కండి."

ఆరంగుళాలు ఇచ్చింది. నన్నడిగితే ఏడు. ఆయన పొట్ట దాటాడు, చివరి పట్టు పట్టాడు, బోడిగుండు నెత్తిన చెయ్యేసి నిమిరాడు, ఇన్నాళ్ళు కలిసి పనిచేసిన మనిషి తలని నిమిరినట్టు. కింద అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ కొట్టలేదు. ఆవిడ చెయ్యి ఖాళీ లేదు.

ఇక దింపడమే మిగిలింది. ఎక్కినాయన తాడు మీద బరువేసి కూర్చుంటే, కిందవాళ్ళు మెల్లగా దింపుతారు. అమ్మమ్మ గాజు సామాను దింపినట్టు దింపింది. ముప్ఫై అడుగులు. ఇరవై. పది. అక్కడికొచ్చాక తాడు ఆగిపోయింది.

తాతయ్య కాళ్ళు గాల్లో ఆడిస్తూ కిందికి చూశాడు. "ఏమోయ్, ఏమైంది? చిక్కు పడిందా?"

"చిక్కేం లేదు. ఒక్క ప్రశ్న. ఆ రోజు నేను మిమ్మల్ని ఎంత ఎత్తు నుంచి పడేశాను?"

పాతిక మందీ దగ్గరికి జరిగారు.

"ఇరవై అడుగులు" అన్నాడు తాతయ్య ధైర్యంగా.

తాడు కదల్లేదు. గాలి ఆయన్ని కాస్త ఎడమకి తిప్పింది, కాస్త కుడికి తిప్పింది.

"పది?"

అమ్మమ్మ ఖాళీగా ఉన్న చేత్తో చెమట తుడుచుకుంది.

"పుస్తకంలో ఏడని ఉంది కదోయ్! టీచరమ్మా, చెప్పమ్మా!"

"అప్పుడు నేను కొత్త, అన్నయ్యా. కంటితో చూసి రాశాను. టేపు పెట్టలేదు" అంది టీచరమ్మ.

"పట్టీ కోసుకుపోతోందే! పిల్లా, నువ్వైనా చెప్పవే మీ అమ్మమ్మకి!"

నేను ఈల ఊదాను. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

తాతయ్య వేలాడుతూ వేలాడుతూ కిందికి చూశాడు. అమ్మమ్మ మొహం ఎండలో కందిపోయి, నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడుతోంది. ఆ మొహాన్ని ఆయన చాలాసేపు చూశాడు. దిగాలన్న తొందర కూడా మర్చిపోయాడు.

"స్టూలంత" అన్నాడు మెల్లగా.

"వినపడలేదు. గాలి."

"స్టూలంత!" అని బీడంతా వినపడేలా అరిచాడు. "పిల్లి దూకేంత! వదులు తల్లీ, వదులు!"

అమ్మమ్మ వదిలింది. రెండేసి అంగుళాల చొప్పున, లెక్క తప్పకుండా, పాత చిత్తడిలోకే దింపింది. తాతయ్య చీలమండల దాకా దిగబడ్డాడు.

"ఒక్క అడుగు పక్కన దింపొచ్చుగా?" అన్నాడు కాళ్ళ వైపు చూసుకుంటూ.

"బూటు పోయిందని ఇన్నేళ్ళుగా సణుగుతున్నారుగా. వెతుక్కోండి" అంది అమ్మమ్మ. కింది చెయ్యి మాత్రం, ఆయన రెండు కాళ్ళూ బయటికి లాక్కుని గట్టి నేల మీద నిలబడేదాకా, తాడు మీద నుంచి తియ్యలేదు.